తంపర పొలంలో రొయ్యల చెరువు వద్దమ్మా

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు విశాఖలో ఉద్యోగం మానేసి ఊరొచ్చి వ్యవసాయం చేస్తానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో టెన్షనే ఎక్కువుంది. నాకు మాత్రం సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో అంత చదువుకున్న పిల్ల పురుగుమందు చుక్క పడకుండా పంట తీస్తానని ముందుకు రావడం నేను బతికుండగా చూస్తాననుకోలేదు. ఫోన్ పెట్టేసే ముందు వాడు ఇంకో మాట చెప్పాడు. పైన మెట్టలో ప్రకృతి సేద్యం చేస్తావట, కింద ఉప్పుటేటి పక్క తంపర పొలంలో, ఆ నీళ్లు నిలిచే పల్లపు నేలలో, మాత్రం వనామీ రొయ్యల చెరువు తవ్విస్తావట. ఆ డబ్బుతో మొదటి రెండేళ్లూ గడుపుకుంటావట. ఈ ఉత్తరం ఆ చెరువు గురించే.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. మట్టి పరీక్ష చేయించు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలని పచ్చగా ఉంచు. నేలకి పోసే ఎరువు నీళ్లు, అదే జీవామృతం, దానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి. నీడలో 48 గంటలుంచి కలుపుతూ ఉండు. కొబ్బరి ఒక్కదాన్నే నమ్ముకోకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి మన శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో నువ్వూ చూశావు. గట్టు మీది మొగలి పొదలు అడ్డమని కొట్టించకు, సముద్రం గాలికి మన తోటకి అవే కాపు.

ఇప్పుడు అసలు విషయం. మీ నాన్న అప్పటికి చిన్నవాడు, వాడికి సరిగ్గా గుర్తుండదు. 1990ల మొదట్లో మన వైపు టైగర్ రొయ్య మీద పడని కన్ను లేదు. బయటినుంచి ఒకాయన జీపులో వచ్చి, వరి మీద ఏడాదికి మిగిలేదానికి మూడింతలు లీజిస్తానన్నాడు, అదీ ముందే చేతిలో పెట్టి. మీ తాత ఆశపోతు కాదమ్మా. మీ పెద్దత్త పెళ్లి కుదిరింది, చేతిలో రూపాయి లేదు. తంపర పొలం రాసిచ్చాడు. మన పక్క మళ్ల వాళ్లు వద్దన్నారు. "మీ ఉప్పునీళ్లు మా మడిలోకొస్తే ఏం చెయ్యాలి?" అని గట్టు మీద నిలబడి అడిగారు. మీ తాత తల దించుకుని ఇంటికొచ్చేశాడు.

చెరువులు తవ్వారు. పోటు వేళ ఉప్పుటేరు నుంచి మోటారుతో నీళ్లు ఎక్కించేవారు. ఉప్పు మరీ ఎక్కువైతే బోరు నీళ్లు తోడి కలిపేవారు, రాత్రీ పగలూ. నేల కింది తీపి నీళ్లు అలా తోడేస్తుంటే ఆ ఖాళీలోకి ఉప్పునీళ్లు మెల్లగా జరుగుతాయి. అది ఎవరికీ కనిపించలేదు. ముందు మన నూతి నీళ్లతో పప్పు ఉడకడం మానేసింది. మీ నాయనమ్మ కట్టెలు పచ్చిగా ఉన్నాయేమో అనుకుంది. తర్వాత టీ ఉప్పగా అయింది. ఆ తర్వాత పక్క మళ్లలో ఊడ్చిన వరి చివర్ల నుంచి ఎండడం మొదలైంది. గట్టు మీద నిలబడి అడిగిన వాళ్ల మడే ముందు పోయింది. మన ఆడవాళ్లు మంచినీళ్లకి బిందెలతో పక్క ఊరు నడిచేవారు. అక్కడి వాళ్లు ఏమీ అనేవారు కాదు, నొచ్చుకునేలా చూసేవారంతే.

1995 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ కోస్తా అంతా పాకింది. రొయ్యలు గట్టు అంచుకొచ్చి నీరసంగా ఆగిపోయేవి, డొప్ప మీద తెల్ల మచ్చలు, వారం తిరక్కుండా చెరువంతా చచ్చేది. లీజుదారు మోటార్లు ఎత్తుకుని పోయాడు. గుంతలు, ఉప్పు, కంపు మనకి మిగిలాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు వ్యవసాయ భూముల్ని, చిత్తడి నేలల్ని, ఉప్పు మళ్లని రొయ్యల చెరువులుగా మార్చకూడదని తీర్పిచ్చింది. అప్పటికే మన పొలం పోయింది. మీ తాత పోయేదాకా ఆ గట్టు వైపు వెళ్లలేదు.

ఇప్పుడు అడుగున షీటు పరుస్తారు, నీళ్లు దిగవు అంటావని తెలుసు. సరే, పంట తీశాక ఆ మురికి నీళ్లు ఎక్కడికి వదుల్తావు? మళ్లీ ఆ ఉప్పుటేట్లోకే కదా. ఆ ఏరు, తంపర నీళ్లలో చేపల మీదే మనుషులూ, తేలినీలాపురం చింతచెట్లకి వచ్చే గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ బతుకుతున్నాయి. పైన జీవామృతం పోసి కింద ఆ నీళ్లు వదిలితే నువ్వు చేసేది ఏ సేద్యం? ఇలా కోప్పడుతున్నానని అలగకు. సోంపేట బీలలో, ఆ చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు వద్దని 2010లో జనం పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాది కాకరాపల్లి తంపరలోనూ అదే జరిగింది. ఈ నేలలకి ఇక్కడి వాళ్లు అంత విలువిచ్చారు. వాటిని మనం ఇంట్లో కూర్చుని పాడుచేసుకుంటే ఎలా?

నా భయం అంతా నీళ్ల గురించే, దాచడమెందుకు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో నా ఈడు వాళ్లు, నాకంటే చిన్నవాళ్లు పోయారు. కారణం ఇదీ అని పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చలేదు. అందుకే నీళ్ల జోలికెళ్లే పని ఏదైనా నాకు గుండె దడ. కొత్త బోరు వేయించకు. మెట్టలో కింది వైపు వాన నీళ్ల గుంట తవ్వించు, దానికి నేనే దగ్గరుంటాను. ఎండలో పనిచేసేప్పుడు దాహం వేసేదాకా ఆగొద్దు, నీళ్ల సీసా ఇంటినుంచే తెచ్చుకో.

తంపర పొలాన్ని వదిలేయమని కాదు. గట్లు గట్టిగా వేసి వాన నీళ్లు నిలబెట్టి, మదుం, అదే తూము, తీసి వదిలెయ్. రెండు మూడు వానాకాలాలు అలా చేస్తే ఉప్పు కొంత దిగుతుంది. పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి పూత మొదట్లో కలియదున్ను, అది ఉప్పు నేలనీ తట్టుకుంటుంది. జిప్సం అవసరమా, ఎంత అన్నది మట్టి పరీక్ష చూసి వెయ్యాలి. తర్వాత ఉప్పుని ఓర్చుకునే వరి రకం వేద్దాం.

ఇక ఆ రెండేళ్ల ఖర్చు. నా జీడి పిక్కల డబ్బుంది, మీ పెద్దమ్మ కూడా సరేనంది. అప్పుగానే తీసుకో, పండాక ఇద్దువు. చెరువు తవ్వే వాళ్లకి బయానా ఇంకా ఇవ్వలేదని మీ నాన్న చెప్పాడు. ఇవ్వకు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి. పాసు పుస్తకం, పాత సర్వే కాగితాలు తీసి ఉంచుతాను, నువ్వొచ్చాక ఇద్దరం వెళ్లి ఆ గట్లు కొలుద్దాం.

మీ పెదనాన్న