19 అంగుళాల చక్రాలు వేస్తే టయోటా 86 పరుగు పెరుగుతుందా?

మీ కారు 2013 సయాన్ ఎఫ్ఆర్-ఎస్ అని రాశారు, అంటే అమెరికాలో ఆ పేరుతో అమ్మిన టయోటా 86. కంపెనీ ఇచ్చిన 17 అంగుళాల చక్రాలు తీసి 19 అంగుళాలవి వేస్తే వేగం, రోడ్డు మీద పట్టు పెరుగుతాయా అన్నది మీ ప్రశ్న. వేగం పెరగదు, కాస్త తగ్గుతుంది. పట్టు సంగతి టైరు తేలుస్తుంది, రిమ్ము కాదు.

నాదీ ఇదే కారు. డాలస్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత యజమాని అప్పటికే 19 అంగుళాల అల్లాయ్‌లు వేయించుకుని, అసలు చక్రాలను గ్యారేజీలో దాచి ఉంచాడు. కారుతో పాటు అవీ నా చేతికి వచ్చాయి. అందువల్ల ఒకే కారును రెండు రకాల చక్రాలతోనూ నడిపే అవకాశం దొరికింది.

ముందు బరువు సంగతి. ఇంట్లో మనుషులు ఎక్కే తూకం మీదే పెట్టి చూశాను. టైరుతో కలిపి 17 అంగుళాల చక్రం సుమారు 18 కిలోలు, 19 అంగుళాలది దాదాపు 22. నాలుగింటికీ కలిపి 16 కిలోల తేడా. చక్రం ముందుకు కదలడమే కాదు, తిరుగుతుంది కూడా, కాబట్టి అంచున పెరిగిన బరువుకు ఇంజను రెండుసార్లు మూల్యం చెల్లించాలి. అందువల్ల ఆ 16 కిలోలు త్వరణంలో మహా అయితే 32 కిలోల కింద లెక్క. చక్రంలో ఒక కిలో తగ్గితే కారులో పది కిలోలు తగ్గినట్టేనని చాలామంది చెబుతుంటారు, నమ్మకండి. అంచులో ఉన్న బరువు కూడా రెండింతలకు మించి లెక్కకు రాదు. అంటే వెనుక సీట్లో ఎప్పుడూ ఒక పదేళ్ల పిల్లవాడిని కూర్చోబెట్టుకుని తిరిగినట్టు. నిజానికి ఈ కారు వెనుక సీటు సరిపోయేది కూడా వాళ్లకే.

1,250 కిలోల కారుకు ఇది రెండున్నర శాతం. దీనికి గేరు సంగతి తోడవుతుంది. కంపెనీ టైరు 215/45ఆర్17 (వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు), వ్యాసం సుమారు 625 మిల్లీమీటర్లు. నాకు వచ్చిన 225/35ఆర్19 వ్యాసం 640. అంటే 2.4 శాతం పెద్దది. ఇంజను శక్తిని వెనుక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌లో ఉన్న 4.1 గేరు నిష్పత్తి 4.0కు పడిపోయినట్టే, అంటే చక్రాన్ని తిప్పే బలం తగ్గినట్టే. 235/35ఆర్19 వేస్తే ఇంకా దిగజారుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. టయోటా వాళ్లే 2017 మోడల్‌లో మాన్యువల్ గేరు కారుకు ఈ నిష్పత్తిని 4.1 నుంచి 4.3కు పెంచారు, త్వరణం కోసమే. డబ్బు పెట్టి పెద్ద టైరు వేయించుకునేవాళ్లు సరిగ్గా దానికి వ్యతిరేక దిశలో పోతున్నారు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. ఈ 200 హార్స్‌పవర్ ఇంజనుకు సుమారు 3,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య టార్క్, అంటే తిప్పే బలం, పడిపోయే గుంట ఒకటి ఉందని మీకు తెలిసే ఉంటుంది. 19 అంగుళాలతో మూడో గేరులో ఆ గుంట దాటడానికి పట్టే సమయం స్పష్టంగా ఎక్కువగా అనిపించేది. 17కు మారిన రోజున కారులో ఏదో రిపేరు చేయించినట్టు తోచింది. స్టాప్‌వాచ్‌లో కనిపించే తేడా సెకనులో చిన్న భాగమే కావచ్చు, కాలి కింద తెలిసేది మాత్రం అంతకంటే ఎక్కువ.

ట్రాక్ మీద తేడా గురించి కచ్చితంగా చెప్పను. క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌లో రెండు సెట్లతోనూ నడిపాను గానీ టైర్ల రకం వేరు, కాబట్టి ఆ ల్యాప్ సమయాలను పోల్చడం అన్యాయం. మలుపులో తెలిసింది మాత్రం చెప్పగలను. టైరు పక్క గోడ 97 మిల్లీమీటర్ల నుంచి 79కి తగ్గడం వల్ల 19తో స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరిగేది. ఆ చురుకుదనం నిజమే, బాగుంటుంది కూడా. కానీ మలుపు మధ్యలో రోడ్డు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటే వెనుక చక్రాలు నేల వదిలి గెంతేవి. బరువైన చక్రాన్ని మళ్లీ నేలకు అదిమి పట్టే పని స్ప్రింగులది, షాక్ అబ్సార్బర్లది. అవి తయారైంది తేలిక చక్రం కోసం.

ఈ కారుకు తర్వాతి తరమైన జీఆర్86 18 అంగుళాలతో మెరుగ్గా పట్టుకుంటుంది కదా అని మీరు అనవచ్చు. అమెరికాలో 2022 జీఆర్86 మామూలు రకానికి 17 అంగుళాలతో పట్టు తక్కువైన మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు, ప్రీమియం రకానికి 18 అంగుళాలతో పట్టు ఎక్కువైన పైలట్ స్పోర్ట్ 4 ఇచ్చారు. జనం మెచ్చుకునేది ఆ రెండో టైరును, పేరు మాత్రం రిమ్ముకు వస్తోంది. మొదటి 86కు కూడా ప్రైమసీనే ఇచ్చారు. ఎందుకంటే ముఖ్య ఇంజనీరు తెత్సుయా తాదా బృందం కోరుకున్నది తక్కువ వేగంలోనే ఆడుకోగల కారును. ఫార్ములా వన్ 2022లో 13 నుంచి 18 అంగుళాలకు మారింది కదా అని కూడా కొందరు అంటారు. అదే ఏడాది కారు కనీస బరువు 752 నుంచి 798 కిలోలకు పెరిగింది, అందులో ఈ చక్రాల వాటా కూడా ఉంది.

పెద్ద రిమ్ము నిజంగా అవసరమయ్యేది పెద్ద బ్రేకు డిస్కులు పట్టడానికే. పోర్షె 911 జీటీ3 ముందు డిస్కులు 408 మిల్లీమీటర్లు, దానికి 20 అంగుళాలు కావాలి. మన కారు బ్రేకులు 17లో హాయిగా ఇమిడిపోతాయి.

కాబట్టి వ్యాసం పెంచకండి, వెడల్పు పెంచండి. 7 అంగుళాల వెడల్పు రిమ్ము స్థానంలో తేలికైన 17x8 తీసుకుని 225/45ఆర్17 మంచి టైర్లు వేస్తే చాలు. ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి అది కారుకు ఆనే ముఖం దాకా దూరం, మిల్లీమీటర్లలో) కంపెనీది 48, దానికి దగ్గరగా 45 ప్రాంతంలో ఉండేలా చూసుకోండి. 35 లాంటివి ఫెండరు నిండా కనిపిస్తాయి గానీ రోడ్డు మీది ప్రతి గాడికీ స్టీరింగ్‌ను లాగుతాయి, బేరింగుల మీద కూడా భారం పెంచుతాయి. మధ్య రంధ్రం 56.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే చాలా రిమ్ములకు అంతకంటే పెద్ద రంధ్రం ఉంటుంది, సరిపడే రింగులు లేకుండా బిగిస్తే హైవే మీద వణుకు మొదలుకావచ్చు.

ఇప్పుడు మీ కారుకు ఏ టైర్లు ఉన్నాయో రాయలేదు. పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడు చివర నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ తయారైన సంవత్సరం. అవి బాగా పాతవైతే రిమ్ముల డబ్బు పక్కన పెట్టి, ముందు టైర్లు కొనండి.