పాఠకుల ప్రశ్నలు: నేత నేసిన నాన్నగారికి మాంచెస్టర్ మిల్లు చూపించొచ్చా?

ప్రశ్న: మాది చీరాల దగ్గర నేత కుటుంబం. ఉద్యోగం వల్ల నేను మాంచెస్టర్‌లో ఉంటున్నాను, వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారు. ఇక్కడ స్టయల్ అనే పల్లెలో క్వారీ బ్యాంక్ అని పాత నూలు మిల్లుని మ్యూజియంగా ఉంచారు, చూపించమని ఆఫీసులో అందరూ చెబుతున్నారు. కానీ మన నేతగాళ్ల పొట్ట కొట్టింది మాంచెస్టర్ బట్టే అని చిన్నప్పటి నుంచీ నాన్న నోటే విన్నాను. అక్కడికెళ్తే ఆయన బాధపడతారేమోనని టెన్షన్. అమ్మకి బోర్ కొడుతుందేమో కూడా. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: తీసుకెళ్లండి. అక్కడికి వచ్చే జనంలో మగ్గం మీద కూర్చుని బతికినవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? మిగతావాళ్లు బోర్డులు చదువుకుంటూ తిరుగుతారు, మీ నాన్నగారికి ఆ బోర్డులతో పని లేదు.

ఆ మిల్లు 1784లో శామ్యూల్ గ్రెగ్ అనే వ్యాపారి బోలిన్ ఏటి ఒడ్డున కట్టించాడు, ఏటి నీళ్లే చక్రాన్ని తిప్పేవి. 1939లో ఆ కుటుంబం దాన్ని పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేసింది, అయినా 1959 దాకా అక్కడ బట్ట తయారవుతూనే ఉంది. మొదట్లో అక్కడ నూలు మాత్రమే వడికేవారు. ఆ నూలుని చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల దగ్గర మగ్గాలున్నవాళ్లే నేసేవారు, అంటే మీ నాన్నగారి లాంటివాళ్లే. తర్వాత మరమగ్గాలొచ్చి ముందు వాళ్ల నోటి దగ్గర కూడే లాగేశాయి, ఆకలితో అల్లాడిపోయారు. ఈ సంగతి ఆయనకి తప్పకుండా చెప్పండి. మన వైపు కూడా మిల్లు నూలు దిగగానే మొదట దెబ్బ తిన్నది ఇంట్లో రాట్నం తిప్పుకునే ఆడవాళ్లు, నేతగాళ్లేమో ఆ మిల్లు నూలుతోనే నేస్తూ మరికొంతకాలం నెట్టుకొచ్చారు.

ఇంకో లెక్క కూడా ఉంది. 80 నంబరు నూలు, 100 నంబరు నూలు అని మీ ఇంట్లో రోజూ అనుకునే ఉంటారు కదా. పౌను బరువుకి ఎన్ని చిలపలు, అంటే నూలు చుట్టలు, తూగితే అదే నంబరు, ఒక్కో చిలపకి 840 గజాలు. ఇది ఇంగ్లండ్ నూలు మిల్లుల లెక్కే. చీరాల షావుకారు దగ్గర నూలు తెచ్చుకున్న ప్రతిసారీ మీ నాన్నగారు వాడింది ఇదే.

మరమగ్గాల దగ్గర మాత్రం తొందరపెట్టకండి. గైడు ఒక్క మగ్గాన్ని నడిపిస్తేనే పక్కవాళ్ల మాట వినపడదు, అలాంటివి వరసగా ఆడుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే మాంచెస్టర్ చుట్టుపక్కల లంకాషైర్ మిల్లుల్లో ఆడవాళ్లు పెదాల కదలికని చూసే కబుర్లు చెప్పుకునేవారు. మగ్గానికి అటూ ఇటూ తోలు పట్టీతో ఓ కర్ర ఉంటుంది, అది ఫట్‌మని కొట్టగానే అడ్డదారాన్ని మోసుకెళ్లే నాడె ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోతుంది. మీ నాన్నగారు చేత్తో తాడు లాగి చేసిన పనే అది. ఆ తాడు పద్ధతి 1733లో కనిపెట్టిన జాన్ కే ఊరు బరీ, మీకు కూతవేటు దూరం. నాడెని ఒకసారి దగ్గరగా చూపించమనండి, దాని పక్కన చిన్న కన్నం ఉంటుంది. నాడెలో దారం చుట్టి ఉండే కండె మార్చినప్పుడల్లా ఆ కన్నానికి నోరు పెట్టి దారాన్ని పీల్చి బయటికి లాగేవారు, ఒకే నాడె నలుగురి నోళ్లలో పడేది, దాంతో రోగాలూ అంటుకునేవి.

మీ నాన్నగారు బాధపడతారేమో అన్నారు కదా, నన్నడిగితే బాధ కలిగేది మగ్గాల దగ్గర కాదు, కాస్త అవతల ఉన్న అప్రెంటిస్ హౌస్ దగ్గర. 1790లో కట్టిన ఆ ఇంట్లో దిక్కులేని పిల్లల్ని, పేదల పిల్లల్ని పెట్టుకుని తిండీ బట్టా ఇచ్చి మిల్లులో పని చేయించుకునేవారు. యంత్రం ఆడుతుండగానే దాని కింద దూరి దూది ఏరడం పిల్లల పని. థామస్ ప్రీస్ట్లీ అనే పిల్లాడు యంత్రంలో వేలు పోగొట్టుకుని, అమ్మని చూడాలని 1806లో ఇంకో కుర్రాడితో కలిసి లండన్ పారిపోయాడు, సుమారు 300 కిలోమీటర్లు. పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెడితే వాళ్లు చెప్పిన వాంగ్మూలం ఇప్పటికీ ఉంది. గ్రెగ్ కుటుంబానికి కరీబియన్‌లోని డొమినికా దీవిలో బానిసలతో నడిపిన చెరకు తోట కూడా ఉండేది. పాత మిల్లు కదా, ఎంత అందంగా ఉందో అని ఫొటోలు దిగి వచ్చేసేవాళ్లని చూస్తే నాకు కాస్త చిరాకే.

అమ్మగారి సంగతి. కండెలు చుట్టిందీ, మగ్గానికి దారాలు సిద్ధం చేస్తూ ఆసు పోసిందీ ఎవరండీ? నూలు వడికే యంత్రాల దగ్గర ఆవిడే మీకు గైడు అవుతారు చూడండి. అలసిపోతే తోటలో కూర్చోబెట్టండి. మిల్లు లోయలో ఉంటుంది, దిగడం తేలికే కానీ ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి, మంచి బూట్లు వేయించండి. అప్రెంటిస్ హౌస్‌కి మాత్రం టైము ప్రకారం గైడుతో పంపుతారు, అందుకని వెళ్లగానే ముందు ఆ సంగతి కనుక్కోండి.

వచ్చేటప్పుడు షాపులో బట్ట కనిపిస్తే నాన్నగారు తప్పకుండా రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూస్తారు. ధర అడిగితే పౌండ్లలోనే చెప్పండి, రూపాయల్లోకి మార్చారో, ఇక ఆ రోజంతా అదే కబుర్లు.