మద్రాసు వెళ్తున్న నా మనవరాలికి

ప్రభువునందు ప్రియమైన అమ్మలూ,

మీ అమ్మమ్మ దీవించి రాయునది. శిక్షణ కోసం పది రోజులు చెన్నైలో ఉండబోతున్నావనీ, తోడు ఎవరూ వద్దని ఒక్కదానివే పినాకిని రైల్లో వెళ్తానన్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. ఖాళీ దొరికిన రోజున శాంథోమ్ గుడికీ, సెయింట్ థామస్ మౌంట్ అనే పరంగిమలై కొండకీ వెళ్ళి ప్రార్థన చేసుకుంటానన్నావట. మన ఇంటి ఆడపిల్ల అంత పెద్ద పట్టణానికి ఆ కోరికతో వెళ్తున్నదని విని నా కడుపు నిండింది. ఆ తరువాత తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు.

డబ్బు రెండు చోట్ల పెట్టుకో. హాస్టలు చిరునామా ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసుకో. చీకటి పడేలోగా గదికి చేరు. ఇవన్నీ నీకు తెలిసినవే. మెరీనాలో మాత్రం పాదాలు తడుపుకోవడానికైనా నీళ్ళలోకి దిగవద్దు. అక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి లాగే అల ఈత వచ్చినవాళ్ళనే తీసుకుపోతుంది. తోటివాళ్ళు ఎంత పిలిచినా ఇసుక మీదే కూర్చో. మా చిన్నతమ్ముణ్ణి కొత్తపట్నం దగ్గర సముద్రానికి పోగొట్టుకున్నదాన్ని, ఈ మాట మళ్ళీ ఫోనులో చెప్పినా విసుక్కోకు.

శాంథోమ్‌లో ఇప్పుడున్న గుడి 1896లో కట్టింది. యేసు ప్రభువు శిష్యుడైన తోమా అపొస్తలుణ్ణి అక్కడే సమాధి చేశారని చెబుతారు. మనం బాప్టిస్టులం, సమాధి దగ్గర మొక్కే అలవాటు మనకు లేదు. అయినా అక్కడ కన్నీళ్ళతో మోకరించినవాళ్ళను చూసి మనసులోనైనా తప్పు పట్టవద్దు. నీ చోట నువ్వు కళ్ళు మూసుకుని కూర్చో. గాయాలు చూస్తే తప్ప నమ్మనన్న మనిషి ఇంత దూరం వచ్చాడన్న తలంపే నాకు చాలినంత ప్రసంగం.

అక్కడికి వెళ్ళడానికి తిరుమయిలై స్టేషనులో దిగుతావు. దిగగానే ఒకసారి కిందికి చూడు. రైలు స్తంభాల మధ్య నల్లగా, వాసన కొడుతూ, కదలీ కదలనట్టు ఒక కాలువ కనపడుతుంది. అందరూ ముక్కు మూసుకుని దాటిపోతారు, నువ్వు మాత్రం ఒక్క నిమిషం నిలబడు. అది బకింగ్‌హామ్ కాలువ, మన పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా పోయే కాలువ. 1876లో మొదలైన ధాత కరువులో జనం ఆకలికి పడిపోతుంటే, ఒంగోలు మిషను క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని ఒప్పుకుని, మనవాళ్ళకు కూలి ఇప్పించి బతికించారు. మా తాతగారి తండ్రి అక్కడ మట్టి మోశాడు. ఆ తరువాతే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనలాంటి వాళ్ళే ఎందరో ఆ మద్రాసుకే కూలికి వెళ్ళి, వీధులు ఊడ్చే పనిలో, మురుగు ఎత్తే పనిలో కుదిరి, అక్కడే ఉండిపోయారు. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో మీ అమ్మకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

1974లో మా నాన్నను కడుపు ఆపరేషను కోసం మద్రాసులో ఒక పెద్దాసుపత్రిలో చేర్చాము. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, టీచరు ట్రైనింగు పూర్తయి కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆ పట్టణం బైబిల్లో పాపపు పట్టణమైన నీనెవె లాంటిదనీ, ఎవరితోనూ మాట కలపవద్దనీ మా అమ్మ చెప్పి పంపింది. మూడోరోజు పొద్దున నేను మంచం పక్కన బైబిలు చదువుకుంటుంటే, వార్డు ఊడుస్తున్న ఒక పెద్దామె చీపురు ఆపి, "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులో అడిగింది. అచ్చంగా మన పల్లె యాస. నేను తలెత్తకుండా, అప్పటికి నేర్చుకున్న నాలుగు తమిళ మాటల్లో ఒకటి తీసి, "తెరియాదు", అంటే తెలియదు, అన్నాను. నా ఒళ్ళో తెలుగు బైబిలు తెరిచే ఉంది. ఆమె దానివైపు చూసింది, నావైపు చూసింది, ఏమీ అనకుండా మంచం కింద ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

మా అమ్మ మాటను గుర్తు చేసుకుని, భయపడి అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది భయం కాదు తల్లీ, సిగ్గు. నేను ఇస్త్రీ చీర కట్టుకున్న పంతులమ్మను. ఆమెతో ఆ యాసలో మాట్లాడితే, నేనూ ఆమె జనమేనని వార్డంతటికీ తెలిసిపోతుందనుకున్నాను.

నాన్నకు గంజి పట్టవచ్చని డాక్టరు చెప్పిన మరునాటి నుంచి, పొద్దున్నే ఒక సత్తు గ్లాసులో పలచని గంజి, పైన కాగితం మూతతో, మంచం పక్క స్టూలు మీద ఉండేది. ఎవరు పెట్టారో తెలిసే దాన్ని రెండు రోజులు తూములో పారబోశాను. మూడో రోజు నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను వరండాలో నిద్రపోయే వేళ ఆమె వచ్చి నాన్న మంచం దగ్గర ప్రార్థన చేస్తున్నదనీ, ఆమె తాత కందుకూరు వైపు నుంచి ఆ కాలువ పడవలోనే వచ్చాడనీ చెప్పాడు. నాన్న ఆ గంజి తాగుతుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. గ్లాసు కడిగి ఆమె కోసం ఎదురుచూశాను. ఆ రోజు వేరే మనిషి ఊడ్చింది. ఆమెను ఇంకో బ్లాకుకు మార్చారన్నారు. వెతకబోతే, "పేరేమిటి?" అని అడిగారు. నాకు తెలియదు. ఆ గ్లాసుతోనే ఇల్లు చేరాము.

కొరింథులో పౌలుకు ప్రభువు రాత్రి దర్శనంలో, ఆ పట్టణంలో తనకు చాలామంది జనం ఉన్నారని చెప్పాడు కదా. వాళ్ళ పేర్లు మాత్రం చెప్పలేదు. ఆ వాక్యం వచ్చినప్పుడల్లా నాకు ఆ చీపురు చప్పుడే వినపడుతుంది.

నీకు చెవుల్లో తీగలు పెట్టుకుని పాటలు వింటూ నడిచే అలవాటుంది. ఎన్నిసార్లు చెప్పినా వినవు. అక్కడ మాత్రం మానెయ్యి. బండ్ల సంగతి సరే, ఎవరైనా "ఏ ఊరమ్మా?" అంటే నీకు వినపడాలి. పలకరించిన ప్రతివాళ్ళ వెంటా వెళ్ళమని కాదు, నా బంగారం. ఊరి పేరు చెప్పు, వాళ్ళ పేరు అడుగు. నీ గది ఊడ్చే మనిషి పేరు మొదటి రోజే తెలుసుకో. ఆదివారం వేపేరిలో తెలుగు బాప్టిస్టు సంఘానికి వెళ్ళి, ఆరాధన అయిన వెంటనే పరుగెత్తకుండా పెద్దవాళ్ళ దగ్గర కాసేపు కూర్చో.

పరంగిమలైకి మెట్రోలో చివరిదాకా వెళ్ళి, ఎండ ఎక్కకముందే మెట్లెక్కు. పైన 1523లో పోర్చుగీసువారు కట్టిన చిన్న గుడి ఉంది. అది చూశాక బయట నిలబడితే పట్టణమంతా కనపడుతుంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ జూయెట్ దొరగారూ కొద్దిమంది మనవాళ్ళూ ఒంగోలు కొండెక్కి, కింద ఊరిని చూస్తూ ప్రార్థించినట్టే, నువ్వూ ఆ పట్టణం కోసం ప్రార్థించు. పేర్లు తెలిసినవాళ్ళను పేరు పెట్టి ప్రార్థించు. ఊడ్చేవాళ్ళ పిల్లల కోసం, మురుగులోకి దిగేవాళ్ళ ప్రాణాల కోసం, ప్రత్యేకంగా అడుగు.

ఆ సత్తు గ్లాసు మీ మామయ్యతో పంపుతున్నాను. అంచు ఒకచోట సొట్ట పోయింది కానీ, కారదు. నీళ్ళు తాగడానికి సంచిలో పెట్టుకో. అక్కడ ఎవరికైనా అవసరమైతే ఇచ్చేసి రా, తిరిగి తేవద్దు.

నీ అమ్మమ్మ