మూడింటికే మెలకువ వస్తోందన్నావు

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకు. ఎనిమిదిన్నరకే కళ్లు మూతలు పడుతున్నాయని, మూడింటికి లేచి కూర్చుంటున్నానని రాశావు. అరవై అయిదు దాటాక నాదీ ఇదే బాధ. ముందు వేళ్ల మీద లెక్కపెట్టు. అది ఆరున్నర గంటల నిద్ర. మన వయసుకు ఏడెనిమిది గంటలు మంచిదంటారు కాబట్టి తగ్గింది కాస్తే. నిద్ర వేళ ముందుకు జరిగింది, అంతే.

మెదడులో, కంటి నరాలు రెండూ కలిసే చోటికి కాస్త పైన, ఓ 20 వేల నాడీకణాల గుంపు ఉంటుంది. ఒంటికి గడియారం అదే. దానికి పగలూ రాత్రీ తెలిపేది కంట్లో పడే వెలుతురు, ముఖ్యంగా అందులోని నీలి భాగం. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపు తిరిగి, ఆ నీలి వెలుతురును లోపలికి సరిగా పోనివ్వదు. ఈ గడియారం పట్టు కూడా సడలుతుంది. రాత్రి నిద్రవేళను ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోను తక్కువగా ఊరుతుంది, గాఢనిద్ర తగ్గుతుంది, చిన్న చప్పుడుకే లేస్తాం. రాత్రి మూత్రం ఎక్కువ కావడంలోనూ దీని పాత్ర ఉంది.

ఇక అసలు సంగతి. పొద్దున్నే లేచి ఎండలో నడవమని అందరూ చెబుతారు. ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేచే కుర్రాళ్లకు అది మంచి మాటే. నీకు మాత్రం పనికిరాదు. తెల్లవారుజామున చూసిన వెలుతురు గడియారాన్ని ఇంకా ముందుకు లాగుతుంది, సాయంత్రం చూసింది వెనక్కి నెడుతుంది. ఇది తెలియక నేను నాలుగింటికే లేచి ఇల్లంతా లైట్లు వేసుకుని, తెల్లారగానే బయటికి పోయేదాన్ని. నెల తిరిగేసరికి మెలకువ మూడింటికి వచ్చింది!

కాబట్టి నడకను సాయంత్రానికి మార్చు. పొద్దుగూకే దాకా బయటే ఉండు. ఇంటికి వచ్చాక తొమ్మిదిన్నర దాకా గదిలో లైటు బాగా వెలగనీ, కునుకు వస్తుంటే లేచి ఏదో పని చూసుకో. మూడింటికి మెలకువ వస్తే పెద్ద లైటు వేయకు. బాత్‌రూమ్‌కి వెళ్లడానికి నేలకు దగ్గరగా చిన్న దీపం చాలు, కాలు జారకుండా కనబడితే సరి. పగటి కునుకు అరగంట దాటనివ్వకు, మధ్యాహ్నం మూడు తర్వాత అసలు వద్దు. కాఫీ కూడా మధ్యాహ్నంతో సరి.

నిద్రమాత్రల జోలికి సొంతంగా పోకు. మన వయసులో వాటివల్ల తూలిపడి ఎముకలు విరగ్గొట్టుకునే ప్రమాదం ఎక్కువ. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని మీ ఆవిడ అన్నా, పగలంతా మత్తుగా ఉన్నా డాక్టరుకు చూపించుకో. అది వేరే సంగతి.

రెండు మూడు వారాలు ఇలా చేసి ఎన్నింటికి లేస్తున్నావో రాయి. ఈలోగా మూడింటికి లేచి తోచడం లేదని నాకు ఫోన్ చేయకు. అయిదు దాటాక చెయ్, అప్పటికి నేనూ లేస్తాను.

మీ అక్క