వైజాగ్‌లో డైవింగ్ చోట్లు అడిగావు కదా, ఇదిగో అమ్మలూ

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. సంక్రాంతికి వస్తున్నాను మావయ్యా, రెండు మూడు మంచి డైవింగ్ స్పాట్ల లొకేషన్లు పంపించు అన్నావు. పంపించడం పెద్ద పని కాదు కానీ మన వైజాగ్ సముద్రంలో ఒట్టి లొకేషన్ పట్టుకుని దిగితే పచ్చనీళ్ళు తప్ప ఏమీ కనపడవు, ఇక్కడేం లేదులే అనుకుని తిరుగు టికెట్ తీసుకుంటావు. చాలామంది అలాగే వెళ్ళిపోతున్నారు, అదే నా బాధ. ఇక్కడ బోల్డు ఉంది. ఒకే రాయి దగ్గర ఒక రోజు చాపిన చెయ్యి కనపడదు, వారం తిరిగేసరికి అదే రాయి చుట్టూ ఆరేడు మీటర్ల దాకా తేటగా ఉంటుంది. అందుకే మన ఊళ్ళో ముందు రోజుని వెతుక్కోవాలి, చోటు తర్వాత. ఈ ఒక్క మాట నువ్వు పట్టుకుంటే మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

నువ్వు కోర్సు చేసింది అండమాన్‌లో, ఆ నీళ్ళతో పోల్చుకోకు. మనది గోదావరి, మహానది, గంగ అందరూ బురద తెచ్చి పోసే సముద్రం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అల పెద్దది, ఆ నెలలు అసలు తలచుకోకు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే కదా, మీ డాబా మీద ట్యాంకు ఎగిరిపోయింది అప్పుడే. తుఫాను లేకపోయినా ఆ రెండు నెలలూ ఒడ్డు వెంబడి నీళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తాయి, పైన పెద్ద నదులు వదిలిన వానాకాలం నీళ్ళన్నీ మన ముందు నుంచే పోతాయి. డిసెంబరు సగం దాటాక సముద్రం నెమ్మదిస్తుంది, అక్కడి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నేను నమ్ముకునే రోజులు. మార్చి, ఏప్రిల్లో ఎండ బాగా కాస్తుంది, ఆకాశం నీలంగా ఉంటుంది, ఇదే మంచి టైం అనుకుని జనం వస్తారు. కానీ అప్పుడు ఒడ్డు వెంట నైరుతి గాలి తోలిందంటే పైనీళ్ళు లోపలికి జరిగిపోయి అడుగున ఉన్న చల్లటి నీళ్ళు పైకొస్తాయి, వాటితో పాటు పోషకాలు కూడా వచ్చి కంటికి కనపడనంత సన్నటి నాచు పెరిగి నీళ్ళు పచ్చబడతాయి. చేపలకి పండగే, మనకి మాత్రం ఏమీ కనపడదు. కాబట్టి సంక్రాంతి అనుకోవడం మంచి పని చేశావు.

ఇంక రోజుని ఎలా పట్టుకోవాలో చెప్తాను, ఇది కొంచెం ఓపిగ్గా చదువు. మీ హైదరాబాద్‌లోనే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది, వాళ్ళు మన తీరానికి అల ఎత్తు, స్వెల్ అంటే ఎక్కడో దూరాన పుట్టి వచ్చే అల, నీటి ప్రవాహం అన్నీ ముందే చెప్తారు, వెబ్‌సైట్లో ఫ్రీగా చూసుకోవచ్చు. అందరూ అల ఎత్తు ఒక్కటే చూసి సరిపెట్టుకుంటారు, నువ్వు స్వెల్ పీరియడ్ కూడా చూడు, అంటే ఒక అలకీ ఇంకో అలకీ మధ్య ఎన్ని సెకండ్లు అని. ఆరేడు సెకండ్ల అల పైన గిలకొట్టి పోతుంది, పన్నెండు పద్నాలుగు సెకండ్ల స్వెల్ పైకి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది గానీ దాని ఊపు లోతుదాకా వెళ్ళి అడుగున ఇసకంతా లేపుతుంది. పైన అద్దంలా ఉన్న రోజున కింద బురదగా ఉండటానికి ఒక్కోసారి కారణం అదే. తర్వాత పంచాంగం తియ్యి, నవ్వకు, నిజంగానే చెప్తున్నాను. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్లు పెద్దవి, నీళ్ళ లాగుడు ఎక్కువ. అష్టమి, నవమి రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా తక్కువ, మన రాళ్ళ దగ్గరకి అదే మంచి అదను. ఆ రోజుల్లో కూడా పొద్దున్నే దిగాలి, గాలి లేవకముందే.

దిగే ముందు రోజు పొద్దున్నే తొట్లకొండ మీదికో కైలాసగిరి మీదికో ఎక్కి సముద్రాన్ని ఒక పావుగంట ఊరికే చూడు. ఊళ్ళోంచి గెడ్డలు, అంటే వాగులు, కలిసే చోట పలచటి టీ రంగు పట్టీ ఒకటి ఒడ్డుని అంటుకుని ఉంటుంది, అది ఎటు వంగితే ఆ రోజు నీళ్ళు అటు నడుస్తున్నట్టు. పట్టీకి అవతల రంగు మారే గీత స్పష్టంగా తెలుస్తుంది. నువ్వు దిగాలనుకున్న రాయి ఆ గీతకి ఇవతల ఉంటే మర్నాటికి ఆశ పెట్టుకోకు. వాన పడితే మూడు నాలుగు రోజులు ఆగాల్సిందే, భీమిలి వైపైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఎర్రమట్టి దిబ్బల నుంచి కొట్టుకొచ్చేదీ గోస్తనీ తెచ్చేదీ రెండూ కలుస్తాయి.

ఇప్పుడు చోట్లు. మన తీరం ఎక్కువ ఇసకే, ఇసక మీద చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు, మనక్కావలసింది రాయి. కొండ ఎక్కడ సముద్రంలోకి దిగిందో అక్కడ అది నీళ్ళ కింద కూడా కొంత దూరం పోతుంది. బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్తుంటే కుడి చేతి పక్క నల్లగా, తుప్పు రంగులో రాళ్ళు కనపడుతుంటాయి కదా, అవి గుర్తుపెట్టుకో.

రుషికొండతో మొదలుపెట్టు. నీకు మళ్ళీ అలవాటు కావడానికి అదే సరైంది, లోతు తక్కువ, ఒడ్డు దగ్గర, డైవింగ్ నేర్పేవాళ్ళు ఉన్నారు. 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు, స్పీడ్‌బోట్లు, జెట్‌స్కీలు తిరుగుతుంటాయి కాబట్టి అవి మొదలవ్వకముందే దిగి వచ్చెయ్యాలి. దాని తర్వాత మంగమారిపేట, తొట్లకొండ కింద, ఒడ్డున రాతి తోరణం ఉంటుందే అక్కడ. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. రాళ్ళు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి, మధ్యలో సందులు, ఆ సందుల్లోనే ఉంటుంది అసలు సంగతంతా. మనవాళ్ళు పెద్ద చేప కోసం దూరం చూస్తూ ఈదుకుంటూ పోతారు, నువ్వు అలా చెయ్యకు. ఒక రాయి దగ్గర ఆగు, టార్చి లోపలికి వెయ్యి. ముళ్ళన్నీ విప్పుకుని తలకిందులుగా లయన్‌ఫిష్ వేలాడుతూ ఉంటుంది, నీ వైపు తిరగను కూడా తిరగదు. దాని వెనక చీకట్లో నోరు తెరుస్తూ మూస్తూ పాములాంటి చేప మోరే ఈల్, అది బెదిరింపు కాదు, ఊపిరి తీసుకోవడమే. రాయి పైభాగాన పొడుగు ముళ్ళ సముద్రపు ఉర్చిన్లు, మోకాలు ఆన్చావంటే వారం రోజులు బాధ. టార్చి వెలుతురు పడ్డాక గానీ మెత్తటి పగడాల రంగు తెలియదు, అప్పటిదాకా బూడిద రంగులో ఉన్నది ఒక్కసారి నారింజ రంగుకి తిరుగుతుంది. మన దగ్గర పగడాలేంటి అనేవాళ్ళకి ఆ రాయి చూపించాలి.

భీమిలి దగ్గర కూడా రాళ్ళు ఉన్నాయి, పైన చెప్పిన షరతులతో. చింతపల్లి మాత్రం ఒక రోజంతా పెట్టుకోవాలి, విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం, లైట్‌హౌస్ ఉన్న ఊరు. ఆ లైట్‌హౌస్ పెట్టిందే అక్కడ సముద్రంలో ఉన్న రాళ్ళ మీదికి ఓడలు ఎక్కకుండా ఉండటానికి. ఓడలవాళ్ళకి భయం ఎక్కడో మనకి అక్కడే పని అమ్మలూ, ఇది ఏ తీరంలోనైనా పనికొచ్చే లెక్క. మునిగిన ఓడ శిథిలం కూడా ఉంది అక్కడ. ఇంకా పైకి వెళ్తే శ్రీకాకుళం దాటాక సోంపేట దగ్గర బారువలో బ్రిటిష్ కాలం స్టీమరు ఒకటి ఉంది, అది ఈ ట్రిప్పులో వద్దు, దూరం.

వద్దన్నవి కూడా చెప్తాను. యారాడ, డాల్ఫిన్స్ నోస్ చుట్టుపక్కల, హార్బర్ ముందు, గంగవరం వైపు ఇవన్నీ మర్చిపో. ఇది తూర్పు నావికాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరు, ఓడల దారి, అక్కడ బోటు ఆపి బుడగలు వదులుతుంటే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. పోయినసారి ఘాజీ గురించి అడిగావు. 1971 డిసెంబరులో మునిగిన ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్‌లో 90 మందికి పైగా పోయారు, అది వాళ్ళ సమాధి, దాన్ని అలాగే వదిలేశారు. సబ్‌మెరైన్ చూడాలని ఉంటే ఆర్కే బీచ్‌లో కురుసుర లోపలికి వెళ్ళిరా, సరిపోతుంది.

ఎవరికీ తెలియని చోటు నువ్వే కనిపెట్టాలనుకుంటే, అనుకుంటావని నాకు తెలుసు, అడగాల్సింది జాలారి వాళ్ళని. డెహ్రాడూన్‌లో నేవీ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వేసే మ్యాపుల్లో లోతులు, రాళ్ళు, మునిగిన ఓడలు గుర్తు పెట్టి ఉంటాయి, చూడు, కానీ చిన్న రాళ్ళన్నీ అందులో ఎక్కవు. పైగా ఇక్కడ ఇసక ఊరికే ఉండదు, ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూనే ఉంటుంది, నిరుడు తేలిన రాయి ఈ ఏడు సగం పూడిపోతుంది. అది తెలిసేది రోజూ వెళ్ళేవాళ్ళకే. నీ వల ఎక్కడ చిక్కుకుంటుంది బాబాయ్ అని అడుగు. చేపలు ఎక్కడ పడతాయి అని అడిగితే ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు, అది వాళ్ళ బువ్వ. వల చిరిగిన చోటంటే మాత్రం కోపంగానైనా చెప్పేస్తారు, అదే నీ రాయి. పాతవాళ్ళకి జీపీఎస్ అక్కర్లేదు, ఒడ్డు మీద కొండ కొమ్మూ గుడి గోపురమూ ఒక వరసలోకి తెచ్చుకుంటారు, పక్కకి తిరిగి ఇంకో రెండు గుర్తులు వరసలోకి తెచ్చుకుంటారు, రెండు గీతలు కలిసిన చోట బోటు ఆపుతారు, సీసం గుండు కట్టిన తాడు వదిలితే ఇసక తగిలిందో రాయి తగిలిందో వేళ్ళకి తెలిసిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పుడు వాళ్ళు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది. అప్పుడు అడిగి పెట్టుకో, చలికాలంలో వచ్చి దిగు. బోటు వాళ్ళదే మాట్లాడుకో, బేరం ఆడకు. ఆ చోటు మాత్రం ఇన్‌స్టాలో పెట్టకు, ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్తున్నాను.

ఆ రాళ్ళ దగ్గరే తెగిపోయిన వలలు కూడా ఉంటాయి, నాకు సొరచేపల భయం లేదు గానీ వీటి భయం ఉంది. సన్నటి నైలాను, ఈ నీళ్ళలో ముఖానికి దగ్గరికి వచ్చేదాకా కనపడదు. ఎక్కువగా సిలిండర్ వాల్వుకి, ఫిన్ను బకిల్‌కి పట్టుకుంటుంది. పట్టుకుంటే ముందుకు లాగకు, గిరగిరా తిరగకు, ఆగిపో, బడ్డీకి, అంటే నీతో జతగా దిగినవాడికి, సైగ చెయ్యి, అతనే కోస్తాడు. కటింగ్ టూల్ ఛాతీ మీద చేతికి అందేచోట పెట్టుకో, కాలికి కట్టుకుంటే అవసరానికి అందదు. నీళ్ళ పైన గుర్తుగా తేలే సర్ఫేస్ మార్కర్ బాయ్ లేకుండా దిగొద్దు, పైన బోట్లవాళ్ళకి నువ్వు ఎక్కడున్నావో తెలియాలి. కనపడేది తక్కువ కాబట్టి బడ్డీకి చెయ్యి అందేంత దూరంలో ఉండు, తప్పిపోతే ఒక్క నిమిషం వెతికి పైకి వచ్చెయ్యి. నీది మొదటి మెట్టు ఓపెన్ వాటర్ కార్డు, 18 మీటర్లు నీ హద్దు, మన రాళ్ళు చాలామటుకు అంతలోపే, ఎవరు రమ్మన్నా దాని కిందికి పోకు.

తీసుకెళ్ళేవాళ్ళని ఎంచుకునేటప్పుడు రేటు అడగొద్దు ముందు. బోటులో ఆక్సిజన్ కిట్ ఉందా, బోటులో ఒక మనిషి ఎప్పుడూ ఉంటాడా, సిలిండర్ టెస్ట్ తేదీ ఎక్కడ కొట్టి ఉందో చూపిస్తారా, నీళ్ళు బాగాలేకపోతే కాన్సిల్ చేసి డబ్బులు వెనక్కిస్తారా. ఆఖరి ప్రశ్నకి తడబడితే అక్కడినుంచి వచ్చెయ్యి, ఎందుకంటే ఆ మనిషి బాగోలేని రోజున కూడా నిన్ను దించుతాడు.

అరకు మాట మర్చిపోయేవాడిని. పొద్దున డైవింగ్, మధ్యాహ్నం అరకు అని ప్లాన్ వేసుకుంటారు చాలామంది, నీ ఫ్రెండ్స్ కూడా అదే అంటారు, ఒప్పుకోకు. అనంతగిరి ఘాటు ఎక్కడం అంటే దాదాపు 1000 మీటర్లు పైకి పోవడం, ఒంట్లో కరిగిన నైట్రోజన్‌కి విమానం ఎక్కినా ఘాటు ఎక్కినా గాలి ఒత్తిడి తగ్గడం తగ్గడమే, ఒత్తిడి తగ్గితే అది ఒంట్లోనే బుడగలు కట్టి ప్రమాదం తెస్తుంది. అరకు ముందు తిరిగొచ్చెయ్యండి, డైవింగ్ తర్వాత. ఆఖరి డైవ్‌కీ హైదరాబాద్ ఫ్లైట్‌కీ మధ్య 18 గంటలు తక్కువ కాకుండా చూసుకో, నన్నడిగితే ఒక రోజంతా ఖాళీ ఉంచు, ఆ రోజు మా ఇంట్లో భోంచేద్దువు గాని.

గవ్వలు, పగడం ముక్కలు ఏవీ తీసుకురాకు, చచ్చిపోయినదైనా సరే, పగడాలకి 1972 వన్యప్రాణి చట్టం ఉంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డుకి వస్తుంటాయి, నీళ్ళలో ఎదురైతే దారి ఇవ్వు, వెంటపడకు.

నీ లాగ్‌బుక్ ఫొటో, మెడికల్ ఫారం, ఆఖరిసారి ఎప్పుడు దిగావో ఇవన్నీ నాకు పంపు, ఆర్నెల్లు దాటి ఉంటే మొదటి రోజు రుషికొండలో రిఫ్రెషర్ పెట్టిస్తాను. 3 ఎంఎం సూట్ తెచ్చుకో, జనవరిలో రెండో డైవ్‌కి చలేస్తుంది. జలుబు చేసి ఉంటే మాత్రం చెవులతో ఆటలొద్దు, చెప్పు, అప్పటికి మానేద్దాం. టికెట్లు తీసేముందు ఫోన్ చెయ్యి, పంచాంగం చూసి ఏ నాలుగు రోజులు ఖాళీ పెట్టుకోవాలో చెప్తాను, నాలుగు పెట్టుకుంటే అందులో రెండు దొరుకుతాయి. అక్కకి ఈ ఉత్తరం చదివి వినిపించు, కంగారు పడుతోందట.

మీ మావయ్య