రెండు బళ్లు బాగానే తిరుగుతున్నాయి కదా!

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగు పూర్తిచేసి, షెడ్డు అద్దెకు తీసుకుని, పాత పెట్రోలు స్కూటర్లకు మోటారు, లిథియం బ్యాటరీ బిగిస్తున్నాడు. సెల్స్ పాత లాప్‌టాప్‌ల నుంచి తీసినవే. ఇప్పటికే రెండు బళ్లు అమ్మాడు, బాగానే తిరుగుతున్నాయి. పరీక్షలు, అనుమతుల మాటెత్తితే, "వాటికోసం కూర్చుంటే కొత్తదేదీ బయటకు రాదు నాన్నా" అంటున్నాడు. వాడి ఉత్సాహం నీరుగారకుండా ఏం చెప్పాలి?
— ఒక తండ్రి, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: మీ అబ్బాయి పట్టుదల మెచ్చుకోదగినదే. అయితే రెండు బళ్లు బాగానే తిరుగుతున్నాయన్న ధీమాయే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. 2023 జూన్ 18న టైటానిక్ శిథిలాలను చూడటానికి అట్లాంటిక్‌లోకి దిగి, లోపలున్న అయిదుగురితో సహా నలిగిపోయిన టైటన్ అనే చిన్న జలాంతర్గామి కూడా అంతకుముందు ఆ లోతుకు పలుమార్లు క్షేమంగా వెళ్లివచ్చిందే. దాని నడిమి భాగాన్ని కార్బన్ ఫైబర్ పొరలతో చేశారు. లాగుడును బాగా తట్టుకునే ఆ పదార్థం, సుమారు 3,800 మీటర్ల లోతున అన్నివైపుల నుంచీ నొక్కే నీటి ఒత్తిడిని పదేపదే ఎంతవరకు భరించగలదో సరిగా పరీక్షించలేదు, బయటి సంస్థతో ధ్రువీకరణా చేయించలేదు. 2018లోనే లోపాలను రాసిచ్చిన, టైటన్‌ను తయారుచేసిన సంస్థ ఉద్యోగి డేవిడ్ లాక్‌రిడ్జ్‌ను పనిలోంచి తీసేశారు. 2022 జులైలో పైకి వస్తుండగా పెద్ద చప్పుడైంది, సెన్సర్ల లెక్కల్లోనూ తేడా కనిపించింది. అయినా మరుసటి ఏడు మళ్లీ మనుషులను ఎక్కించారు.

ఇక మీవాడి బ్యాటరీ సంగతి. వాడేసిన సెల్స్ అన్నీ ఒకే సత్తువతో ఉండవు. వరుసగా కలిపినప్పుడు బలహీనమైనది మిగతావాటికంటే ముందే నిండిపోతుంది. ఛార్జరు మొత్తం ప్యాక్ వోల్టేజీనే చూస్తుంది గనుక, ప్రతి సెల్‌నూ విడిగా గమనించి సాధారణంగా 4.2 వోల్టుల దగ్గర ఆపివేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) లేకపోతే, నిండిన సెల్‌లోకి కరెంటు పోతూనే ఉంటుంది. అది వేడెక్కి, ఒక హద్దు దాటాక ఆ వేడిని తానే పెంచుకుంటూ పక్క సెల్స్‌ను కూడా అంటిస్తుంది. గతుకుల రోడ్ల కుదుపులకు అతుకులు వదులైనా, వాననీరు లోపలికి దిగినా ప్రమాదమే. ఇవేవీ మొదటి నెలలో బయటపడకపోవచ్చు. 2022లో దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు తగలబడ్డాకే విద్యుత్ బళ్ల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలను కఠినం చేశారు. మీ అబ్బాయి అడ్డంకి అనుకుంటున్న కాగితాల వెనుక ఉన్నవి ఆ మంటలే.

అతణ్ణి మానమనకండి. ప్యాక్‌ను ఎక్కువసేపు ఛార్జి చేసి, కుదిపి, తడిపి, అది ఎక్కడ విఫలమవుతుందో మనుషులకు దూరంగా, ఆరుబయట, అనుభవజ్ఞుల సమక్షంలో కనిపెట్టమనండి. అది కూడా ఇంజినీరింగే, నిజానికి అందులో కష్టమైన భాగం. అమ్మదలిస్తే, ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్‌నే బిగించి, రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీలో మార్పు నమోదు చేయించాలి. అంతకంటే ముందు, ఈ వారమే, అమ్మిన రెండు బళ్లను వెనక్కి తెప్పించి బ్యాటరీలు తీయించండి. అవి వచ్చేదాకా ఇంట్లో, ముఖ్యంగా రాత్రిపూట గుమ్మం దగ్గర ఛార్జింగు పెట్టవద్దని కొన్నవారికి మీరే స్వయంగా చెప్పిరండి.