టిప్పర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకు మావయ్య ఆశీస్సులు.

పది టైర్ల టిప్పర్ తీసుకున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. ఉద్యోగమంతా రోడ్ల పనుల్లోనే గడిచింది కాబట్టి, లోడు విషయంలో నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది.

ముందు ఆర్సీలో మొత్తం బరువు ఎంత రాసి ఉందో చూడు. నీలాంటి మూడు యాక్సిళ్ల (ఇరుసుల) బండికి ఇదివరకు 25 టన్నులు ఉండేది, 2018లో కేంద్రం 28.5కు పెంచింది. బండీ సరుకూ కలిపి అంత. ఖాళీ బండిని ఒకసారి కాటా వేయిస్తే, ఎంత ఎత్తొచ్చో నీకే తెలుస్తుంది.

బాడీ నిండితే ఒక లోడు అనుకోవద్దు. పది ఘనపు మీటర్ల పొడి ఇసుక దాదాపు 16 టన్నులుంటే, నీళ్లోడుతున్న ఇసుక ఇంకో రెండు మూడు టన్నులు ఎక్కువే తూగుతుంది. కంటికి రెండూ ఒకటే. సైడు రేకులు ఎత్తు చేయించమని ఎవరన్నా వినకు.

ఇరుసు మీద బరువు పెరిగే కొద్దీ రోడ్డుకు తగిలే దెబ్బ దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 1950ల చివర్లో అమెరికాలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి తేల్చిన లెక్క ఇది. ఇరుసు మీద ఇరవై శాతం ఎక్కువైతే ఒక్క ట్రిప్పు రెండు ట్రిప్పుల పెట్టు. రెట్టింపైతే పదహారు! కంకర కొట్టే క్రషర్ నుంచి హైవే ఎక్కేదాకా నువ్వు తిరిగేది ఊరి రోడ్డు మీద. చాలాచోట్ల 3.75 మీటర్ల వెడల్పే. ఎదురుగా బస్సొస్తే నీ ఎడమ టైర్లు మట్టిలోకి దిగుతాయి, తారు అంచు విరుగుతుంది. అందులోంచి వాన నీళ్లు కింద కంకర పొరలోకి దిగి దాన్ని మెత్తబరుస్తాయి. ఆపైన మొసలి చర్మంలాంటి పగుళ్లు, వాటి వెనకే గుంతలు. బడిపిల్లల ఆటో, 108 బండి వెళ్లేదీ ఆ దారినే కదా నాన్నా. గట్టి వాన కురిసిన మర్నాడు కిరాయి పోయినా సరే, ఆ రోడ్డు మీద లోడు బండి తిప్పకు.

జరిమానా కూడా తక్కువేం కాదు. 2019 సవరణ తర్వాత 20 వేలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2 వేలు.

కిరాయి ట్రిప్పుకింత అని మాట్లాడుకుంటే ఎక్కువ లోడు లాభం కాంట్రాక్టరుకు, అరిగే టైర్లు, విరిగే కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) నీకు. టన్నుకింత అంటే ఆశ నీకే పుడుతుంది. అందుకని టన్ను రేటుతోపాటు, ట్రిప్పుకు ఇన్ని టన్నులు మించనని కాగితం మీద ముందే రాసుకో.

కాటా చీటీ లేకుండా గేటు దాటొద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పు. ఎక్కువ తూగితే అక్కడే దింపించు. క్రషర్‌లో అయితే లోడరు ఉంటుంది. దారిలో పట్టుకుంటే మిగులు దించేదాకా బండి కదలనివ్వరు, ఆ ఖర్చూ నీదే.

మీ మావయ్య